ఎడమ చేతి గిన్నె

నాకు ముక్కు మీద కోపం. పశువుల దవాఖానలో కాంపౌండరుగా ఉన్నన్నాళ్లూ ఆ కోపానికి ఒక పని ఉండేది. కుక్కకు ఏటేటా వేయించాల్సిన సూది తప్పించినవాణ్ని, కార్డు పారేసుకున్నవాణ్ని, మెడకు గొలుసు కోసుకుపోయేదాకా చూడనివాణ్ని నిలబెట్టి కడిగేసేవాణ్ని. మరిపెడలో, మహబూబాబాద్‌లో, ఆఖరున భూపాలపల్లిలో, ఎక్కడ పనిచేసినా నా నోటికి జడిసి జనం కార్డు జేబులో పెట్టుకుని మరీ వచ్చేవారు. రిటైరై జనగామలో ఇంటిపట్టున కూర్చున్నాక కోపం మాత్రం మిగిలింది. తిట్టడానికి మనుషులు మిగల్లేదు.

కుక్క నా దగ్గరికి వచ్చింది కూడా కోపంలోనే. భూపాలపల్లిలో అది నా చివరి ఏడాది. కొన్ని జాతుల కుక్కల్ని పెంచనివ్వకూడదని, ఇప్పటికే ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని కేంద్రం నుంచి రాష్ట్రాలకు ఉత్తరం వచ్చినట్టు టీవీలో చెప్పారు. జాతుల పేర్లు వరసపెట్టి చదివారు. మర్నాడు పొద్దున్నే ఒక కాంట్రాక్టర్ తన రాట్‌వీలర్‌ను కారులో తీసుకొచ్చాడు. ఏడాది వయసు ఆడకుక్క. నల్లటి ఒళ్లు, కళ్ల పైన రెండు గోధుమరంగు చుక్కలు. కొత్త ఇంటికి కాపలా అని ముచ్చటపడి కొన్నాడట. ఇప్పుడు ఇంత సూది వేసి చంపేయమంటున్నాడు.

"టీవీల పేరు చదివిండ్రు సార్. రేపు కేసయితే ఎవలు తిరుగుతరు?" అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. పేరు చదివితే చచ్చిపోవాలా అన్నాను. అది కరిచిందా, గీరిందా అని అడిగితే లేదన్నాడు. బయట తిప్పుతావా అంటే, పొద్దంతా గొలుసుతోనే ఉంటుందన్నాడు. ఆ మాటతో నాకు ఇంకా మండింది. గొలుసు అతని చేతిలోంచి లాక్కున్నాను. అతను బతుకుజీవుడా అని కారెక్కాడు. ఆ వారాంతం, జనగామ మార్కెట్‌కు పత్తి తెస్తున్న డీసీఎం వ్యానులో బస్తాల పక్కన నేనూ అదీ ఇల్లు చేరాం.

మాకు పిల్లల్లేరు. నా భార్య రెండు రోజులు కుక్క మొహం చూడలేదు. మూడో రోజు నుంచి దాన్ని "బిడ్డా" అని పిలవడం మొదలుపెట్టింది. దానికి ఆపరేషన్ చేయించాను. గొలుసు తీసేసి, ఇంటి చుట్టూ ఉన్న గోడ లోపల వదిలేశాను. అవి రెండూ మంచి పనులే. తర్వాత ఆ ఉత్తరం కోర్టుల్లో నిలవలేదని పేపర్లో వచ్చింది. టీవీలో జాబితా విన్న గల్లీవాళ్లెవరూ ఆ వార్త చదవలేదు.

నిరుడు వానాకాలంలో నా భార్య మూడు వారాల జబ్బుతో పోయింది. దినాలు అయిపోయిన తర్వాత గేటు తీసుకుని లోపలికి వచ్చిన మనిషి లేడు. అందరికీ కుక్క భయం. పాలవాడు గేటుకు సంచీ కట్టమన్నాడు. మా గేటు ముందు రోడ్డు వెడల్పు కాబట్టి గల్లీ ఆడవాళ్లు ఏటా అక్కడే బతుకమ్మ ఆడేవారు. నా భార్య ముందే కడిగి ముగ్గు పెట్టేది. ఆ ఏడు వాళ్లు మూలమలుపు అవతలికి మారారు. నేను గడపలో కూర్చుని ఉంటే పాట వినిపించింది, చప్పట్లు వినిపించాయి, ఒక్క మనిషి కనిపించలేదు. అప్పుడు మాత్రం బాగా ఏడుపొచ్చింది.

సాయంత్రాలు రైల్వేస్టేషన్‌కు పోయి కూర్చునేవాణ్ని. హైదరాబాద్ నుంచి ఉద్యోగాలు చేసుకుని వచ్చేవాళ్లు దిగి గబగబా వెళ్లిపోతుంటారు. వాళ్లలో ఎవరైనా ఆగి బస్సు సంగతో, ఆటో సంగతో అడిగితే ఆ రోజుకు నేను మాట్లాడినట్టే లెక్క.

గల్లీ మొత్తంలో నాతో తెగతెంపులు చేసుకోనిది పక్కింటి ముస్లిం ఆవిడ ఒక్కతే. భర్త పోయి చాలా ఏళ్లయింది. జాకెట్లు, ఫాల్సులు కుట్టుకుని బతుకుతుంది. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను అన్నా అంటుంది. ఎవరు పెద్దో తేల్చుకోలేదు. శుక్రవారం బగారన్నం, మాంసం వేసిన దాల్చా వండితే ఒక గిన్నెలో పెట్టి నడుమెత్తు గోడ మీంచి అందించేది. నా భార్య ఉన్నప్పటి అలవాటు అది. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని నేను రెండు అరటిపళ్లు వేసి పంపేవాణ్ని. కుక్క నాలుక తగిలితే నమాజుకు ముందు కడుక్కోవాలని ఆమె మా గేటు దాటేది కాదు. ఆ గోడ దగ్గర నిలబడి నాలుగు మాటలు మాట్లాడేది. నాకు వారమంతా ఆ నాలుగు మాటలే.

ఆ మధ్య ఒక శుక్రవారం గిన్నె రాలేదు. నేను ఆ పొద్దు బియ్యం పట్టించడానికి మిల్లుకు పోయి ఆలస్యంగా వచ్చాను. మర్చిపోయిందేమో అనుకున్నాను. ఆదివారం గోడ దగ్గర పిలిచి గిన్నె ఇచ్చింది. ఎడమ చేత్తో ఇచ్చింది.

ఇంకో ప్రాంతం వాళ్లకు ఇది ఎంత పెద్ద సంగతో తెలియకపోవచ్చు. మా దగ్గర తినేది ఎవరికైనా ఎడమ చేత్తో ఇస్తే మొహాన కొట్టినట్టే. అందులో ఆమె పద్ధతి తెలిసిన మనిషి. మంచినీళ్లయినా కుడి చేత్తో ఇచ్చేది. పైగా కుడి చెయ్యి చున్నీలో చుట్టుకుని, నా కళ్లలోకి చూడకుండా వెంటనే లోపలికి పోయింది. కుక్కను తీసేయించాలని గల్లీలో సంతకాలు పెడుతున్నారని నాలుగు రోజులుగా వింటున్నాను. ఈమె కూడా పెట్టిందన్నమాట అనుకున్నాను. మొహం మీద చెప్పలేక ఎడమ చేత్తో చెప్పింది అనుకున్నాను. ఆ అన్నం నేను ముట్టలేదు. తీసుకెళ్లి కుక్కకు పెట్టాను.

సోమవారం ఆమె గోడ దగ్గర దగ్గింది. నేను విని కూడా బయటికి రాలేదు. ముసలితనంలో అలగడం ఎంత అసహ్యంగా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది గానీ, ఆ పూట నాకు ఎంతో పౌరుషంగా అనిపించింది.

మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో ఏదో వెలితిగా ఉంది. ఏమిటో చాలాసేపు అంతుపట్టలేదు. చివరికి తెలిసింది, ఆమె కుట్టుమిషన్ చప్పుడు లేదు. ఆలోచిస్తే శనివారం నుంచీ లేదు. పొద్దున నుంచి మాపటిదాకా ఆగని మిషన్ అది. గిన్నె తిరిగిచ్చే నెపంతో రోడ్డు చుట్టి ఆమె తలుపు కొట్టాను. ఇన్నేళ్లలో ఆ గుమ్మం ముందు నిలబడటం అదే మొదటిసారి.

తలుపు తీసిన చెయ్యి కూడా ఎడమదే. కుడి మణికట్టు వాచి, పాత చీర పేలికతో కట్టి ఉంది.

"చెయ్యికేమైందక్కా?" అన్నాను.

"ఏం గాలేదన్నా. సూది గుచ్చుకున్నది."

"మిషన్ సూది మణికట్టుకు గుచ్చుకుంటదా?"

కట్టు విప్పమన్నాను. ముప్పై ఏళ్లు పళ్ల గాట్లు చూసిన కళ్లు నావి. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. శుక్రవారం నేను మిల్లులో ఉన్నప్పుడు ఆమె గిన్నెను గోడ మీద పెట్టబోయిందట. మాంసం వాసనకు కుక్క ఎగిరిందట. గిన్నె పడిపోకుండా ఆమె పట్టుకోబోతే పన్ను దిగింది. చేతిని ఏడుసార్లు కడిగిందట, అందులో ఒకసారి మట్టితో. కుక్క మూతి పెట్టిన గిన్నెకు వాళ్ల పద్ధతిలో చేసే శుద్ధి అది. చేతికీ అదే సరిపోతుందనుకుంది. దవాఖానకు మాత్రం పోలేదు. ఎందుకు చెప్పలేదని అరిచాను. ఆమె నెమ్మదిగానే చెప్పింది.

"చెప్తె నువ్వు దాన్ని ఎళ్లగొడ్తవ్. నువ్వు ఎళ్లగొట్టకుంటె గల్లీలోళ్లు ఎళ్లగొడ్తరు. అది గూడ పోతె గా ఇంట్ల నువ్వు ఎవలతోని మాట్లాడ్తవన్నా?"

నా ఒంటరితనం ఇంకొకరి కంటికి ఆనుతుందని నాకు తెలియదు. దాన్నుంచి నన్ను కాపాడటానికి ఒక మనిషి తన ప్రాణాన్ని పణంగా పెట్టిందని అసలే తెలియదు. రేబిస్ వస్తే మనిషి బతకడు. అది అందరికీ చెప్పినవాణ్ని నేనే. నేను అలిగిన రెండు రోజులు కూడా ఆమె సూది లేకుండా గడిచినవే.

ఆటోలో జిల్లా దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. సబ్బుతో అంతసేపు కడిగి ఉంటే ఇంకా మంచిదని, మట్టి మాత్రం పెట్టకూడదని చెప్పింది. గాయం చుట్టూ మందు ఎక్కించి, జబ్బకు మొదటి సూది వేసింది. తర్వాత నావైపు తిరిగి, కుక్కకు టీకా ఎప్పుడు వేశారు, కార్డు ఏది అని అడిగింది.

కార్డు లేదు. ఎప్పుడూ లేదు. ఊళ్లో కుక్కలన్నిటికీ కార్డులు రాసినవాణ్ని, ఇంటి కుక్కకు ఎందుకు రాస్తాను? సూది నేనే వేసేవాణ్ని, తారీకు నా తలలోనే ఉండేది. ఆఖరి సూది తారీకు నిరుడు నా భార్య మంచాన పడ్డ నెలలో వచ్చింది. వేశానా? వేసే ఉంటానా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ దవాఖానలో నన్ను నిలబెట్టి కడిగేయడానికి నాలాంటి కాంపౌండర్ ఎవరూ లేరు. ఉంటే బాగుండేదనిపించింది.

కరిచిన రోజు నుంచి పది రోజులు కుక్క ఆరోగ్యంగా ఉంటే భయం లేదంటారు. అందులో నాలుగు పోయాయి. మిగతావి నేను గడపలోనే కూర్చున్నాను. దాని ముందు నీళ్ల గిన్నె పెట్టి, తాగుతుందా, మింగలేక గొంతు పట్టేస్తోందా అని చూడటమే పని. అది నా మొహం చూసి చిన్నప్పుడే తోక కోసేసిన నడుము ఊపేది. నీ మీద కోపం లేదు బిడ్డా అని చెప్పాను. నిజంగా లేదు. ఆ రోజుల్లో మిషన్ చప్పుడు లేదు, స్టేషన్‌కు పోలేదు. నా భార్య పోయిన తర్వాత కూడా ఇల్లు అంత నిశ్శబ్దంగా లేదు. పదో రోజు కుక్క నీళ్లు తాగి, అన్నం తిని, గోడ మీది ఉడుతను చూసి మొరిగింది. నేను వెళ్లి ఆమెకు ఆ మాట చెప్పాను. అయినా సూదులన్నీ పూర్తిచేయాల్సిందే అన్నాను. ఒక్కొక్క తారీకుకు నేనే వెంట పోయాను.

ఈలోగా గల్లీ అర్జీ మీద మున్సిపాలిటీ మనిషి వచ్చాడు. సర్కారు బంద్ చేసిన జాతి అని అందులో రాశారు. జాతిని చూసి శిక్షేస్తారా అని నేను పాత పాట ఎత్తుకున్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"జాతి సంగతి నాకొద్దు సార్. గా కాగితం ఇప్పుడు నడుస్తలేదు. నీ కుక్క కాగితాలేవి?" అన్నాడు.

లైసెన్సు లేదు, టీకా కార్డు లేదు, ఆపరేషన్ కాగితం కూడా దాచలేదు. కాంట్రాక్టర్‌కు భయం, నాకు పొగరు. కుక్క దృష్టిలో ఇద్దరమూ ఒకటే. రెండు వారాల్లో లైసెన్సు తీసుకోకపోతే పట్టుకుపోతామన్నాడు. గోడ మనిషెత్తు లేపాలి. బయటికి తీస్తే, నూర్పిళ్లప్పుడు ఎద్దులకు కట్టినట్టు, మూతికి చిక్కం ఉండాలి. టీకా మళ్లీ వేయించి కార్డు చూపాలి. అవన్నీ చేయగలను. ఫారంలో ఆఖరి గడి దగ్గర ఆగిపోయాను. యజమాని లేనప్పుడు కుక్క బాధ్యత తీసుకునే రెండో మనిషి పేరు, సంతకం కావాలట.

మరిపెడలో ఉన్న బామ్మర్దికి ఫోన్ చేశాను. మనిషిని చూసుకోమంటే చూసుకుంటాను గానీ కుక్కనైతే కాదన్నాడు. దవాఖానలో నాతో పనిచేసినవాళ్లు నవ్వి ఊరుకున్నారు. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ ఒకసారి చూసుకున్నాను. అడగగలిగిన పేరు ఇంకొకటి దొరకలేదు. ఈ వయసులో ఒక మనిషికి రెండో పేరు లేదని తెలుసుకోవడానికి మున్సిపాలిటీ ఫారం కావాల్సి వచ్చింది.

మేస్త్రీ వచ్చి గోడ లేపుతున్న పొద్దున, ఇంకా రెండు వరసలే పేర్చాడు, ఆమె అవతలి నుంచి పిలిచింది. ఒక ఇటుక జాగా వదిలేయమని మేస్త్రీకి చెప్పమంది. గిన్నె అందించడానికట.

"వద్దక్కా. గోడంటె గోడనే. గిన్నె పట్టే సందుల కుక్క మూతి గూడ పడుతది," అన్నాను.

ఆమె ఫారం సంగతి అడిగింది. రెండో పేరు లేదని చెప్పాను. చెప్పేటప్పుడు సిగ్గేసింది.

"ఇటు తే," అంది. "ముట్టుకునుడు నాతోని గాదన్నా, అది ముందే చెప్తున్న. గానీ బువ్వ పెట్టిస్త. సూది తారీకు తప్పనియ్య."

మేస్త్రీ తాపీ పట్టుకుని ఆగాడు. ఆమె ఫారాన్ని తడి సిమెంటు అంటకుండా సంచీ మీద పెట్టుకుని, ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు నిదానంగా సంతకం చేసింది. మణికట్టు మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఫారాన్ని నాకు కుడి చేత్తో అందించింది.

మధ్యాహ్నానికి గోడ పూర్తయింది. ఇప్పుడు ఆమె ఇల్లు నాకు కనిపించదు. శుక్రవారాలు గిన్నె కోసం నేనే రోడ్డు చుట్టి పోతాను, పోయేముందు సబ్బుతో చేతులు కడుక్కుంటాను. మిగతా రోజుల్లో గోడ అవతల మిషన్ చప్పుడు ఒక్కటే. అది ఒక్క పూట ఆగినా చెప్పులేసుకుని వెళ్లి ఆమె తలుపు కొడతాను.