రాత్రి కరెంటు అలవాటు

మా ఇంటామె గురక పెడుతుంది. ఈ మాట తన ముందు అంటే ఒప్పుకోదు. ఆడవాళ్లు గురక పెట్టరని, అది మగవాళ్ల రోగమని ఆమె వాదన. కానీ నిద్ర పట్టక ఆమె పక్కన పడుకున్నవాణ్ణి నేను. సాక్ష్యం చెప్పడానికి ఊళ్లో నాకంటే మెలకువగా ఉన్న మనిషి ఇంకొకరు లేరు.

మాది మర్రిగూడ దిక్కు పల్లె. ఉన్నది ఒక బోరు, దాని కింద కొంచెం బత్తాయి తోట. తెలంగాణ వచ్చిన కొత్తలో కూడా మోటర్లకు కరెంటు వంతుల మీదే ఇచ్చేవారు, కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. రాత్రి వంతు వచ్చిందంటే నడిజామున లేచి, టార్చి పట్టుకుని, కట్టెతో నేల కొట్టుకుంటూ తోటకు పోవాలి. మోటరు వేసి, ఒక్కో చెట్టు పాదుకు నీళ్లు మళ్లిస్తూ బురదలో నిలబడాలి. పాములుండేవి. తడిచేత్తో స్టార్టరు ముట్టుకుని పోయినవాళ్ల ముచ్చట మా దిక్కు ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. నాకు మాత్రం భయముండేది కాదు. నా నిద్ర చెడగొట్టిన కరెంటోళ్ల మీద కోపముండేది, ఆ కోపంలో పాము ఎదురొచ్చినా కనబడేది కాదు.

పని ముగించుకుని ఇంటికొచ్చి తలుపు తీస్తే చీకట్లోంచి మా ఇంటామె "వచ్చినవా" అనేది. "వచ్చిన" అనేవాణ్ణి. అంతే, అటు తిరిగి పడుకునేది. రాత్రంతా హాయిగా పడుకుని, తలుపు చప్పుడుకు ఒక్కసారి కళ్లు తెరిచి, మళ్లీ పడుకునే ఆ అదృష్టం చూస్తే నాకు ఒళ్లు మండేది.

తర్వాత ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. పగలే మోటరు వేసుకోవచ్చు, రాత్రి ఎక్కడికీ పోనక్కర్లేదు. ఊరంతా సంబరపడింది. నేనైతే నల్గొండ పోయి పరుపు కొనుక్కొచ్చాను. పాత నులకమంచాన్ని పశువుల కొట్టంలో పడేసి, పరుపు మీద నడుం వాల్చి, ఇక తెల్లారేదాకా నన్ను దేవుడు కూడా లేపలేడనుకున్నాను. దేవుడు లేపలేదు. పాత వంతు వేళకు నేనే లేచి కూర్చున్నాను, చెయ్యి టార్చి కోసం తడుముతోంది. తోట తడిసే ఉంది, చెయ్యడానికి పనేమీ లేదు. పక్కన గురక. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నిద్ర సుఖమెరగదంటారు. సుఖం కూడా నిద్రనెరగదని పరుపు కొన్నాక తెలిసింది.

నిద్ర పట్టడం లేదని మా ఊళ్లో ఒక్కరికి చెబితే చాలు, ప్రతివాడూ వైద్యుడే. మజ్జిగలో పచ్చి ఉల్లిగడ్డ నంజుకుని పడుకోమన్నారు. నిద్ర రాలేదు గానీ మా ఇంటామె దిండు తీసుకుని దూరం జరిగింది. అరికాళ్లకు ఆముదం రుద్దుకోమని మా అమ్మ చెప్పింది. రుద్దుకుని, అలవాటు ప్రకారం నడిరాత్రి లేచి, బండల మీద జారి బిందెల మీద పడ్డాను. వాడకట్టంతా లేచింది. మా ఇంటామె లేవలేదు.

మా కొడుకు ఫోన్లో చూసి ఒక ఉపాయం చెప్పాడు. "కండ్లు మూసుకొని గొర్లను లెక్కవెట్టాలెనట నాయినా." అది నిజమో కాదో తేల్చుకుందామని మా తోట పక్కన మంద పెట్టే గొల్లాయన దగ్గరికి పోయాను. పుట్టిననాటి నుంచి గొర్రెలను లెక్కపెడుతున్న మనిషి, ఆయనకంటే ఎవరికి తెలుస్తుంది?

"గొర్లను లెక్కవెడితె నిద్రొస్తదా మామా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "లెక్కల ఒకటి తక్కువొస్తె ఇంగ నిద్రెక్కడిది అల్లుడా."

ఆ మాట వినకపోయినా బాగుండేది. ఆ రాత్రి నా లెక్కలోనూ ఒకటి తగ్గింది. దాన్ని వెతుకుతుండగానే తెల్లారింది.

రాత్రి రాని నిద్ర పగలు అడ్డమైన చోటల్లా వచ్చేది. ఒక పెళ్లిలో బ్యాండు పక్కనే నోరు తెరుచుకుని పడుకుని, పెళ్లికొడుకుకంటే ఎక్కువ ఫోటోల్లో పడ్డాను. అంతవరకు నవ్వులాటే. ఒకనాడు మధ్యాహ్నం బత్తాయిల సంచి బండి మీద వేసుకుని వస్తుంటే కన్ను మూతపడింది. బండి దారి దిగి పత్తిచేను పక్క గుంతలో పడింది. దెబ్బలేం తగల్లేదు. గడ్డి మెత్తగా ఉంది, గాలి చల్లగా ఉంది, లేవబుద్ధి కాలేదు. అక్కడే పడుకున్నాను. ఎన్నో నెలల తర్వాత పట్టిన నిద్ర, ఒళ్లు తెలియలేదు. పత్తి ఏరే కూలీలు చూసి మనిషి పోయాడని అరిచారు. ఎవరో మా ఇంటికి పరుగెత్తారు. చుట్టూ చేరినవాళ్లలో ఒక్కరికీ నన్ను ముట్టుకుని చూసే ధైర్యం లేకపోయింది. బత్తాయిలు ఏరుకునే ధైర్యం మాత్రం అందరికీ ఉంది.

మెలకువ వచ్చేసరికి మా ఇంటామె చెప్పుల్లేని కాళ్లతో ఆ గుంతలో నా పక్కన కూలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, దాంతో నాకు భయం వేసింది. "రేపు దవాఖానకు పోదాం" అని మాత్రం అంది.

నల్గొండ దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. నిద్ర రాకపోవడం ఎప్పటి నుంచని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఇంటామె, "ఇరువై నాలుగు గంటల కరెంటొచ్చినకాడి నుంచి మేడమ్" అంది. డాక్టరమ్మ రాయడం ఆపి మా ఇద్దరినీ చూసింది.

"మరి మీకు బాగానే పడుతుందా అమ్మా నిద్ర?"

ఇన్నాళ్లకు గురక సంగతి డాక్టరు ముందు తేలబోతోందని నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"ఇప్పుడు మంచిగనే పడుతాంది" అంది మా ఇంటామె. "అప్పుడెక్కడిది మేడమ్. ఈయన రాత్రి కరెంటుకు పోయిండంటే, వచ్చెదాక నా చెవులు తలుపుకాడనే ఉండేటియి. కుక్క మొరిగినా పానం గుబులయ్యేది, ఎవరన్న వచ్చి చెప్తరేమో అని. ఈయనొచ్చినంక జర కన్నంటేది, గంతల్నే తెల్లారేది. ఇన్నేండ్లకు మనిషి ఇంట్ల పంటాండు, నిద్రపోక ఏం జెయ్యాలె?" నా దిక్కు తిరిగింది. "నిన్న గుంతల పడ్డప్పుడు నిజంగనే వచ్చి చెప్పిన్రు."

డాక్టరమ్మ చాయ తగ్గించమంది, పగలు పడుకోవద్దంది, పక్క మీద ఏ ఫికరూ పెట్టుకోవద్దంది. నేను తలూపాను గానీ సగం వినలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఆమె "వచ్చినవా" అన్న మాట నిద్రలేచి అన్నది కాదని, అప్పటిదాకా నిద్రపోక అన్నదని ఇన్నేళ్లలో ఒక్కనాడూ తట్టలేదు. ఆ తర్వాత ఆమె గురక మీద నేను ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు, ఇదిగో ఇది రాసేదాకా.

ఆ రాత్రి కూడా మామూలు వేళకే మెలకువ వచ్చింది. బయటికి పోయి, వాకిట్లో నిలబడి తోట దిక్కు చూసి, లోపలికొచ్చి తలుపు వేశాను. గురక ఆగింది.

"వచ్చినవా" అంది, నిద్రలోనే.

"వచ్చిన" అన్నాను.

అటు తిరిగి పడుకుంది. గురక మళ్లీ మొదలయ్యేదాకా కూర్చుని, అప్పుడు పడుకున్నాను.