బాపు ఇచ్చిన సగం బెల్లం

మొన్న కరీంనగర్‌లో మా వీధి చివర కొత్తగా తెరిచిన కొట్టు ముందు నుంచి పోతుంటే, పెనం మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన నన్ను అక్కడే నిలబెట్టేసింది. గోడ మీద 'షుగర్ ఉన్నవారికి ప్రత్యేకం' అని పెద్ద అక్షరాలు, దాని కింద కార్లు ఆపి మరీ నిలబడ్డ జనం. నాకు నవ్వు ఆగలేదు. ఈ రొట్టెను తప్పించుకోవడానికే గదా మా బాపు ఊరు విడిచి మందమర్రికి వచ్చి బొగ్గు బాయిలో, గని పనికి చేరింది!

ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు. పొద్దున జొన్నరవ్వతో వండిన గట్క, రాత్రి రొట్టె తిని తిని మొహం మొత్తినవాడికి, నెల జీతంతో రెండు పూటలా తెల్లటి బువ్వ తినడం కన్నా గొప్ప సంగతి లోకంలో ఇంకేముంటుంది? కంచంలో అన్నం గుట్టగా పోసుకుని, నడుమ గుంత చేసి పప్పుచారు నింపుకుని, కట్ట తెగకుండా చుట్టూ కలుపుకుంటూ ఆయన తింటుంటే, చూసేవాళ్లకు కూడా ఆకలయ్యేది.

మా కార్మికుల కాలనీలో గడియారంతో పని లేదు. బాయి సైరన్ కూస్తే పొద్దయినట్టు, మళ్లీ కూస్తే బాపులు ఇళ్లకు వస్తున్నట్టు. ఎండాకాలం సాయంత్రాలు వాకిట్లో నీళ్లు చల్లి నవారు మంచాలు వేసేవాళ్లు, ఇళ్ల వరుసంతా బొగ్గు పొయ్యిల పొగ కమ్ముకునేది, ఆ పొగలోనే మేం ఆడపిల్లలం అచ్చనగాయలు ఆడుకునేవాళ్లం. షిఫ్టు దిగి వచ్చేవాళ్ల ముఖాలన్నీ ఒక్కతీరు నల్లగా ఉండేవి కనుక ఎవరి బాపును వాళ్లు నడకను బట్టి గుర్తుపట్టి ఎదురు ఉరికేవాళ్లం. బాపు జేబులోంచి కాగితం పొట్లం తీసి, చొక్కా అంచు కప్పి బెల్లం ముక్కను కొరికి, సగం తన నోట్లో, సగం నా నోట్లో పెట్టేవాడు. ఆ తీపిలో కొంచెం బొగ్గు రుచి కూడా ఉండేది. అంత కమ్మటి బెల్లం నేను మళ్లీ తినలేదు.

బాయి నుంచి పైకొచ్చినవాళ్లు బెల్లం తినడం మా దగ్గర ఆచారం. గొంతులో, ఛాతీలో పట్టిన దుమ్మును బెల్లం కడిగేస్తుందని అందరి నమ్మకం. నేను నాలుగో తరగతిలో ఉండగా బాపుకు షుగర్ అని తేలినప్పుడు, చాయ్‌లో చక్కెర మానాడు, మిఠాయిలు మానాడు, మందుబిళ్లలు మింగాడు గానీ బెల్లం జోలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు. అది తిండి కాదు, మందు అనేవాడు. మా వరుసలోనే ఒక ముసలాయన దగ్గి దగ్గి పోవడం ఆయన కళ్లారా చూశాడు. షుగర్ కంటికి కనబడేది కాదు, బొగ్గు ఉమ్మిలో కనబడేది.

వానాకాలంలో ఒక సాయంత్రం మా అమ్మ, మేం అవ్వ అని పిలిచేవాళ్లం, ఎప్పటిలాగే బాపు కాళ్లకు నీళ్లిస్తుంటే, గడప కింద పారే నల్లటి నీళ్లు ఎర్రబడ్డాయి. గంబూటులో కంకరరాయి ఒకటి చేరి, షిఫ్టంతా బొటనవేలి పక్కన కోసుకుంటూనే ఉంది. ఆయనకు నొప్పే తెలియలేదట. నొప్పి తెలియకపోవడమే అసలు భయమని దవాఖానలో డాక్టరు చెప్పాడు. షుగర్ దిగకపోతే పుండు మానదని, మానకపోతే వేలు తీయాలని, వేలుతో ఆగకపోతే పాదం దాకా పోవచ్చని కూడా చెప్పాడు. బాయిలోకి దిగలేని బాపును నేను ఊహించలేకపోయాను. ఆ రోజుల్లో నా ప్రాణం ఆయన కాలి కట్టులోనే ఉండేది.

చూడటానికి వచ్చిన దోస్తులు ఊరికే వస్తారా, తలా ఒక బెల్లం అచ్చు పట్టుకొచ్చారు. సెలవులో ఉన్నప్పుడే ఛాతీ కడుక్కోవాలని సలహా కూడా ఇచ్చారు. మరుసటిసారి కట్టు మార్చడానికి పోయినప్పుడు, బెల్లం నిజంగా దుమ్మును కడుగుతుందా అని అవ్వ డాక్టరును సూటిగా అడిగి వచ్చి, బాపు ముందు కూర్చుంది.

"బొగ్గు పోయే తొవ్వ వేరు, బెల్లం పోయే తొవ్వ వేరు. అది ఊపిరిలకు, ఇది కడుపులకు. రెండు యాడ గల్వయట. ఇన్నొద్దులు నువ్వు తిన్నది దుమ్మును కడగలే, కాలును తిన్నది."

బాపు కాగితం పొట్లం విప్పాడు. తరువాత నన్ను దగ్గరికి పిలిచి, పొట్లంలో ఉన్న ముక్కను కొరకకుండా మొత్తం నా చేతిలో పెట్టాడు.

"ఇగ గిది నీదే బిడ్డా. నాకు సగం వద్దు."

తిన్నాను గానీ ఏడుపొచ్చింది. బెల్లం అంత చప్పగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ వారం నుంచి మా ఇంట్లో జొన్నరొట్టె మళ్లీ గద్దెనెక్కింది. ఆయన ఒక్కడికే వేరే వండి వెలివేసినట్టు పెట్టనని అవ్వ అందరికీ అదే వడ్డించింది. రొట్టె, అనుములు, ఆకుకూర నిండా, అన్నం పిడికెడు. "తప్పిచ్చుకొని వస్తే ఎన్కనే వచ్చిందిరా గిది," అని బాపు రొట్టెను తిట్టుకుంటూనే రెండోది అడిగేవాడు. పక్క క్వార్టరులో మేం ఖాలా అని పిలిచే పిన్నమ్మ రంజాన్ నాడు అందరికీ షీర్ ఖుర్మా పంచి, మా ఇంటికి మాత్రం మటన్ సాలన్ పంపి, భాయ్‌కు తీపి పంపితే తనకు గునా, పాపం తగులుతుందనేది. పుండు మానాక, తిన్నవెంటనే మంచం ఎక్కే అలవాటున్న బాపు నా చేయి పట్టుకుని కాలనీ చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే దోస్తులూ కలిశారు. ఆ నడకల్లో విన్నన్ని ముచ్చట్లు నేను బడిలో కూడా వినలేదు.

ఇప్పుడు ఆ బాయి మూతపడింది. సైరన్ లేదు. మా వరుసలో సగం క్వార్టర్లకు తలుపుల్లేవు, వాకిళ్లలో సర్కారు తుమ్మ మొలిచింది. బొగ్గు పొయ్యి పొగ ఎట్లుంటుందో నా పిల్లలకు తెలియదు, ఖాలా లేదు, బాపుతో నడిచిన దోస్తుల్లో మిగిలింది కొద్దిమందే. డెబ్బై దాటిన బాపు మాత్రం మంచిర్యాలలో పొద్దున్నే లేచి, చెప్పులు దులిపి తొడుక్కుని, మెత్తగా నడిచి వస్తాడు.

పోయినప్పుడల్లా ఆయన పాదాలు నా ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు సవరించుకుని, వేళ్ల సందులు విప్పి చూస్తాను. బొగ్గు లోపలే ఉండి మానినందుకు బొటనవేలి పక్కన నీలంగా ఒక గీత ఉంది. అక్కడ నా వేలు ఆగగానే ఆయనకు నవ్వొస్తుంది.

"వేళ్లన్ని ఉన్నయా బిడ్డా?"

"ఉన్నయ్ బాపు."