అత్త చేతి ముద్ద

పక్షవాతం వచ్చి మా అత్తకు కుడివైపు పడిపోయినప్పుడు మాట మాత్రం దేవుడు మిగిల్చాడు. నెల్లూరు ఆసుపత్రి నుంచి ఆటోలో తీసుకొస్తుంటే, ఇందుకూరుపేట దాటకముందే, "ఈ అబ్బయ్య గుంతల్ని వెతుక్కుంటా పోతుండాడే" అని ఆటో నడిపే అతని మీద గొణిగింది. నేను కళ్ళు మూసుకుని ఆ స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. తిట్టే అత్త తిరిగొచ్చింది, అది చాలనుకున్నాను.

మా ఆయన రొయ్యల గుంటల దగ్గర కాపలా. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. స్నానం, బట్టలు, గోడ పట్టించి నడిపించడం ఎట్లాగో జరిగిపోయేవి. అన్నం దగ్గరే నా ఓపిక అయిపోయేది. ముద్ద నోట్లో పెట్టాలి, నమిలి మింగేదాకా ఆగాలి, మళ్ళీ పెట్టాలి. ఒక పూట తినిపించి గిన్నెలు కడిగేసరికి ఇంకో పూటకు ఎసరు పెట్టే వేళయ్యేది. అత్త తన చేత్తో తాను తింటే చాలు, ఇంకేమీ అడగనని రోజూ దీపం ముందు మొక్కుకునేదాన్ని. ఎడమచేతికి స్పూను ఇచ్చి చూశాను. పక్కన పెట్టేసింది.

"ఎడమచేత్తో అన్నం తినమంటావా మే? ఆ చెయ్యి దేనికో నీకు తెలవదా?"

"ఎవురు చూస్తారత్తా?"

"అన్నం చూస్తాది."

నేనూ ప్రసాదం ఎడమచేత్తో ఎన్నడూ పట్టినదాన్ని కాదు.

పక్కింటి ముసలామె, అత్తకు వరసకు వదిన, రోజూ వచ్చి కూర్చునేది. "కోడలంటే నువ్వేనమ్మా. నీ పుణ్యం ఊరికే పోదు" అనేది. ఆ మాట విన్నాక కాసేపు నడుంనొప్పి తెలిసేది కాదు.

వ్యాయామం చేయించడానికి నెల్లూరు నుంచి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి స్కూటీ మీద వచ్చేది. చల్లగా ఉండాలి ఆ పిల్ల, ఏ ఎండనీ లెక్కచేసేది కాదు. ఒకరోజు సరిగ్గా నేను తినిపిస్తున్నప్పుడు వచ్చింది. అత్త కుడిచెయ్యి ఒళ్ళో కొంగు కింద ఉంది. వచ్చినవాళ్ళకు కనపడకూడదని ఆమె అట్లా దాచుకునేది.

"అవ్వా, దాచిపెడితే ఆ చెయ్యి పని మరిచిపోతుంది. వేళ్ళు కదులుతున్నాయి కదా, వాడాలి. ఈ మొదటి నెలల్లో వచ్చినంత తొందరగా తర్వాత కదలిక రాదు."

ఆ పిల్లైనా ఒప్పిస్తుందని నేను స్పూను సంగతి చెప్పాను.

"ఎడమచెయ్యి అలవాటైతే కుడిది ఇంకా బద్ధకిస్తుందక్కా."

అత్త మొహం విప్పారింది. "విన్నావా మే? డాక్టరమ్మే చెప్పింది."

"అట్లాగని అక్క తినిపించడం కూడా వద్దవ్వా. మీ కుడిచేత్తో మీరే తినాలి."

అత్త మళ్ళీ ముడుచుకుపోయింది. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు.

ముందర ఎత్తుపీట వేసి, దానిమీద మోచెయ్యి ఆనించి, ఎడమచేత్తో మణికట్టు కింద ఆసరా పట్టుకోవడం ఆ పిల్ల నేర్పి వెళ్ళింది. అన్నం మాత్రం వేళ్ళ సందుల్లోంచి రాలిపోయేది. మెతుకులు చీర మీద, నేల మీద. నోటిదాకా వచ్చేది నాలుగు మెతుకులు. "ఆకలికి చంపుతావా?" అనేది అత్త. అంతలో పక్కింటి వదిన గడపలోకి వచ్చి, "పెద్దామె ముందర కంచం పెట్టి చోద్యం చూస్తా కూర్చున్నావే" అనేది. నేను తలవంచుకుని మిగతా అన్నం తినిపించేసేదాన్ని. అత్త చెయ్యి కొంగు కిందికి వెళ్ళిపోయేది. ఇట్లాగే రోజులు గడిచాయి. నెలలు జారిపోతున్నాయని నాకు లోపల భయం.

ఒకరోజు నాకు ఒళ్ళు వెచ్చబడింది. మాకు సంగటి, అత్తకు అన్నం అని రెండు రకాలు వండే శక్తి లేక రాగిసంగటి కెలికి, ముళ్ళు లేకుండా చేపల పులుసు పోసి, అత్త ముందర పీట మీద పెట్టాను. చల్లారాక తినిపిద్దామని గోడకు ఆనుకుని కూలబడ్డాను. కళ్ళు మూతలు పడ్డాయి.

వదిన గొంతుకు మెలకువ వచ్చింది. "ఏమమ్మా, నిద్రపోతా ఉండావా? ఆమె చూడు ఎట్టా పూసుకుంటుందో."

చూశాను. సంగటి అన్నంలా రాలడం లేదు. అత్త వేళ్ళకు అంటుకుని ఉంది. ఎడమచెయ్యి కుడి మణికట్టును పైకి నెడుతోంది, తల కిందికి వంగుతోంది. గడ్డమంతా పులుసే. ముద్ద సగం నోట్లోకి పోయింది. నేను లేవబోయాను.

"పెట్టు తల్లీ, పెట్టు, పాపం" అంది వదిన.

అత్త నమిలి మింగేదాకా ఇద్దరం ఆగాం.

"వదినా, నువ్వు గమ్మునుండు. నేను తింటా ఉండా."

వదిన కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. రేపు ఊళ్ళో ఏం చెబుతుందో నాకు తెలుసు. చెప్పుకోనీ అనుకున్నాను. స్వామికి దణ్ణం పెట్టడానికి కూడా చేతులు లేవలేదు, మనసులోనే పెట్టుకున్నాను.

"ఏమ్మే, అట్టా చూస్తావేంది? ఇంకొంచెం పులుసు పొయ్యి" అంది అత్త.

పోశాను. కంచంలో సంగటి ఇంకా ముప్పాతిక ఉంది. ఆమె మళ్ళీ వేళ్ళు దించింది. నేను మళ్ళీ గోడకు ఆనుకున్నాను.