ఛాయాదేవిగారి పసుపు కండువా

హైడెల్‌బర్గ్‌లో నలుగురు తెలుగువాళ్ళు చేరితే ఛాయాదేవిగారి మాట రాకుండా ఉండదు. డెబ్భై రెండేళ్ళ మనిషి. పెడనలో పుట్టి, గుంటూరులో డాక్టరీ చదివి, పెళ్ళయ్యాక జర్మనీ వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు మత్తు డాక్టరుగా చేశారు. ఆపరేషన్ బల్ల మీద వణికిపోయే వాళ్ళ చెయ్యి పట్టుకుని, "భయపడకండి, నేనిక్కడే ఉంటాను" అని జర్మన్‌లో చెప్పేవారట. అన్నమాట మీద నిలబడే రకం. నాబోటివాళ్ళు ఆవిడ గురించి పదే పదే చెప్పుకునేది అందుకే.

భర్త అనంతరామ్‌గారు ఫ్రైబర్గ్‌లో చదివిన గనుల ఇంజనీరు. ఉద్యోగమంతా భూమి కిందే గడిచింది. "రిటైరయ్యాక భూమి మీద తిరిగేవాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని చూడాలి" అనేవారు. అంటే ఏనుగు. గొలుసు వేసి నిలబెట్టింది కాదు, ఆఫ్రికాలో తన ఇష్టం వచ్చినట్టు తిరిగేది. తీరా తీరుబడి చిక్కేసరికి కళ్ళకు నీటికాసులు వచ్చాయి. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుపోయే జబ్బది, పోయిన చూపు తిరిగిరాదు. కాబట్టి టాంజానియా ప్రయాణం సరదా కాదు, గడువున్న పని.

2020 వేసవికి టిక్కెట్లు కొన్నారు. బట్టల పని ఛాయాదేవిగారిది. మాసినా కనపడదన్న మనింటి ఆడవాళ్ళ లెక్క ప్రకారం ఇద్దరికీ ముదురు నీలం చొక్కాలు, ప్యాంట్లు తెచ్చారు. ఎష్‌బోర్న్‌లో ఐటీ ఉద్యోగం చేసే కూతురు నీనా వీడియోలో చూసి కేకపెట్టింది.

"నైన్, వద్దమ్మా! బ్లూ అస్సలొద్దు. అక్కడ ట్సెట్సీ అని ఈగలుంటాయి. వాటికి బ్లూ, బ్లాక్ అంటే పిచ్చి. వాటిని పట్టే ట్రాప్స్ కూడా బ్లూ క్లాత్‌తోనే చేస్తారు. ఖాకీ వేసుకోండి, లేకపోతే మట్టి రంగు."

"కొత్తబట్టలు మట్టి రంగులో కొంటారటే ఎవరైనా?" అని గొణిగారు గాని, ఈగ కుట్టే సంగతి విన్నాక నీలం బట్టలు వెనక్కిచ్చేశారు.

ఇంతలో కరోనా వచ్చి విమానాలను నేల మీద కూర్చోబెట్టింది. మరుసటేడూ అదే తంతు. కళ్ళ డాక్టరు టెర్మిన్లు, అదే అపాయింట్‌మెంట్లు కూడా వాయిదా మీద వాయిదా పడ్డాయి. చలికాలం లాక్‌డౌన్‌లో బట్టల దుకాణాలు మూసేశారు. నేనైతే చేతులు ముడుచుకు కూర్చుందును. ఆవిడ టర్కీవాళ్ళ కొట్టు నుంచి దానిమ్మపళ్ళు తెచ్చి, గింజలు ఆయనకు పెట్టి, తొక్కలు ఉడకేశారు. అందులో తుప్పు మేకులు నానేసిన నీళ్ళు కలిపారు. పెడనలో అమ్మమ్మ కలంకారీ బట్టకు రంగులు కాస్తుంటే పక్కన కూర్చుని చూసిన పిల్ల కదా! తన పాత తెల్లకోట్లు, ఆయన తెల్లచొక్కాలు అందులో ముంచారు. మొదటి విడత మచ్చలు మచ్చలుగా వచ్చింది.

"ఇది వేసుకుంటే చిరుతపులి చుట్టరికం కలుపుతుంది" అన్నారు అనంతరామ్‌గారు.

ఆవిడ నవ్వి మళ్ళీ కుండ ఎక్కించారు. రెండోసారి అచ్చం ఎండుగడ్డి రంగు దిగింది.

2022 వసంతంలో దారులు తెరుచుకున్నాయి. మళ్ళీ టిక్కెట్లు కొన్న రోజున ఛాయాదేవిగారు ఆ కోటు కాలరుకు ఆనవాయితీగా పసుపు పెట్టి, తొడుక్కుని, హాల్లో గోడ పక్కన నిలబడి పిలిచారు. అనంతరామ్‌గారు వచ్చారు. అటూ ఇటూ చూశారు.

"ఎక్కడున్నావు ఛాయా?"

వేళాకోళం అనుకున్నారావిడ. ఆయన రెండడుగులు ముందుకొచ్చి ఆగి, కళ్ళు చికిలించారు. "ఏదో పసుపుచుక్క కనపడుతోంది. నువ్వేనా?"

అప్పుడర్థమైంది. మీగడరంగు గోడకు ఆనుకున్న గడ్డిరంగు కోటు ఆయన కంటికి ఆనడం లేదు.

"ఎన్నాళ్ళనుంచండీ?"

"రెండో లాక్‌డౌన్ నుంచి. చెబితే ప్రయాణం మానేద్దామంటావని..."

ఊళ్ళో వాళ్ళందరి ఊపిరినీ కనిపెట్టుకున్నదాన్ని, ఇంట్లో మనిషి కళ్ళు చూసుకోలేకపోయానే అని ఆవిడ స్నానాలగదిలో కుమిలి కుమిలి ఏడ్చారు. ఏడుపయ్యాక ముఖం కడుక్కుని, పొయ్యి వెలిగించి, తెల్లటి నూలు కండువాను పసుపునీళ్ళలో ముంచారు.

నీనా ఒప్పుకోలేదు. "అమ్మా, సఫారీలో బ్రైట్ కలర్ వేసుకోకూడదు! యానిమల్స్‌కి కనపడిపోతావు."

"మేం జీపు దిగం కదే. ఏనుక్కి కనపడితే కనపడతాను. మీ నాన్నకి కనపడకపోతే ఎట్లా?"

అనంతరామ్‌గారు కండువా చూసి, "ఓట్లడగడానికా మనం వెళ్తోంది?" అన్నారు.

టాంజానియాలో జీపు డ్రైవరు ఆ కండువా కేసి కాసేపు చూసి, లేచి నిలబడొద్దు, దాన్ని ఊపొద్దు, అంతే చాలన్నాడు. రెండో రోజు పొద్దున్నే ఒక ఆడ ఏనుగు జీపు పక్కకే వచ్చి నిలబడింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. కిటికీ దగ్గరున్న ఛాయాదేవిగారు ఏనుగుకు వీపు పెట్టి భర్త వైపు తిరిగారు.

"ఏమండీ, కండువా దొరికిందా? దాని వెనకాల చూడండి."

"ఏదో బూడిదరంగు గోడ. కదులుతోంది ఛాయా!"

"గోడ కాదండీ."

"చెవి! అది చెవి!"

ఆయన చూపుకు ఏనుగంతా ఒక్కసారి పట్టలేదు. చెవి చూశాక పసుపు దగ్గరికి వచ్చారు. అక్కణ్ణుంచి బయల్దేరి దంతం చూశారు. మళ్ళీ పసుపు, మళ్ళీ తొండం. తను కదిలితే ఆయనకు గుర్తు తప్పిపోతుందని ఛాయాదేవిగారు ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నారు. వెనక్కి తిరగలేదు. ఎండుగడ్డిలో అడుగుల చప్పుడు దూరమైపోయేదాకా అలాగే కూర్చున్నారు.

"వెళ్ళిపోయింది" అన్నారాయన, చెంపలు తుడుచుకుంటూ.

"ఎలా ఉందండీ?" అని అడిగారావిడ.

బసకు చేరేదాకా ఆయన చెబుతూనే ఉన్నారు, ఆవిడ ఊఁ కొడుతూనే ఉన్నారు.