ఉంగరం అరిగిన సంగతి

పెద్ద దేశం పని అయిపోయిందని పేపర్లు రాయడానికి పదేళ్ల ముందే ఆ కబురు ఒకావిడ చేతికి అందింది. దారపు ముడి రూపంలో అందింది. ఆవిడ ఆ ముడిని జాగ్రత్తగా కత్తిరించి, చూసి మురిసిపోయి, డ్రాయరులో దాచుకుంది. ఎందుకు మురిసిపోయిందో వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ తర్వాత ఆవిడ చేసింది వింటే మాత్రం ఆ నవ్వు కాస్త వెనక్కి తగ్గుతుంది.

ఆవిడ నగర నీటి సరఫరా వర్క్‌షాపులో కొలతల గది చూసుకునే మనిషి. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు. నగరానికి నీళ్లు తోడే పంపులు తొమ్మిదీ యాభై ఏళ్ల కిందట పెద్ద దేశం ఇచ్చినవే. అప్పట్లో ఆ దేశం ఇవ్వనిది లేదు, చెప్పనిది లేదు. పంపులతో పాటు ఒక చెక్కపెట్టె కూడా ఇచ్చారు. అందులో నీలం మఖమలు గుడ్డ మీద ఒక ఉక్కు ఉంగరం. పంపులో ముందుగా పాడయ్యేది పిన్ను. బొటనవేలంత లావు, జానెడు పొడవు, బుష్షు అనే గొట్టంలో తిరుగుతుంది. కొత్త పిన్ను చేసినప్పుడల్లా దాన్ని ఆ ఉంగరంలో దూర్చి చూడాలి. బిగుసుకోకూడదు, లోపల ఆడకూడదు. రెండేళ్లకోసారి పెట్టె ఓడెక్కి పెద్ద దేశంలోని కొలతల కార్యాలయానికి వెళ్లేది. వాళ్లు ఉంగరం చూసి, అరిగితే కొత్తది పెట్టి, ఎర్రటి ముద్ర వేసిన కాగితంతో తిరిగి పంపేవాళ్లు. ఇక ఆ ముద్రకు ఎదురు లేదు.

కొలతల గదికి ఒకటే కిటికీ, ఒకటే పొడవాటి బల్ల. చేతులు తుడుచుకోకుండా గుమ్మం దాటితే చీఫ్ ఇంజనీరుకైనా చీవాట్లు తప్పేవి కావు. ఎవరైనా పిన్ను తెస్తే ఆవిడ దాన్ని ఉంగరంలో దూర్చి, కళ్లు మూసుకుని, వేళ్లతో ఒక్కసారి తిప్పి, ‘‘వెంట్రుకవాసి తేడా ఉంది, తీసుకుపో’’ అనేది. పిన్ను కొసన సుత్తితో ఇంటూ గుర్తు కొట్టి మరీ ఇచ్చేది. అందుకే వర్క్‌షాపు మొత్తం ఆవిడ పేరు మర్చిపోయి ‘వెంట్రుకవాసి’ అని పిలిచేది. బస్సు డిపోలో పనిచేసే ఆవిడ భర్త అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు, ‘‘మా ఇంట్లో బెండకాయ ముక్కలు కూడా ఉంగరంలో దూరితేనే బాణలిలోకి వెళ్తాయి’’ అని.

ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతుంది. కొత్తగా చేరిన పనివాడు చేసిన పిన్నుల్లో మొదటిసారి ఉంగరం ఒప్పుకున్నదాన్ని పంపులో వేయరు. కొసన ఆ ఏడాది అంకె కొట్టి అతనికే ఇచ్చేస్తారు. వాళ్లు దాన్ని ఇంటికి తీసుకుపోయి చుట్టాలందరికీ చూపించి, కొన్నాళ్లకు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటారు.

ఇప్పుడు ముడి సంగతి. పెట్టె పంపేముందు ఆవిడ ఉంగరాన్ని నూనెకాగితంలో చుట్టి, పైన దారం కట్టి, వాళ్లమ్మ నేర్పిన ఎడమచేతి ముడి వేసేది. తిరిగి వచ్చేటప్పుడు ఆ ముడి స్థానంలో తెల్ల టేపు ఉండేది. పదేళ్ల కిందట ఒకసారి మాత్రం ముద్ర కాగితంతో పాటు అచ్చం ఆవిడ ముడే తిరిగొచ్చింది.

‘‘చూశారా ఎంత పద్ధతైన మనుషులో’’ అని ఆవిడ గదిగదికీ తిప్పి చూపించింది. ‘‘మన ముడిని చూసి, నేర్చుకుని, అలాగే వేసి పంపారు. మనలో ఒక్కరికి ఉందా అంత శ్రద్ధ?’’

ఆ తర్వాత ప్రతిసారీ అదే ముడి వచ్చింది. ప్రతిసారీ ఆవిడ మురిసింది.

మూడో ముడి వచ్చిన ఏడాది నాలుగో పంపు వేడెక్కడం మొదలైంది. తర్వాత ఏడోది. అందరూ నూనె మంచిది కాదన్నారు, ఆవిడా అదే అంది. మూడుసార్లు నూనె మార్చారు. ఒక్క మరిది మాత్రం నూనె జోలికి పోలేదు. భర్త తమ్ముడు అతను. ఇనుము చెక్కే లేతు మిషను మీద అతని చేతిని మించిన చేయి వర్క్‌షాపులో లేదు. పొద్దున రాగానే కొలతల గది కిటికీలోంచి ‘‘వదినా, ఇవాళ ఎవరి కొంప ముంచుతున్నావు?’’ అని అడగనిదే అతనికి తెల్లవారేది కాదు. అతనొక పిన్ను చేసుకొచ్చాడు. ఆవిడ ఉంగరంలో పెట్టి తిప్పింది. లోపల ఆడింది.

‘‘సన్నమైంది. వెంట్రుకవాసి తేడా.’’

‘‘సన్నం కాలేదు వదినా. బుష్షులో పెట్టి చూసి చేశాను. ఉంగరమే అరిగింది.’’

‘‘ఉంగరానికి ముద్ర ఉంది. నీ బుష్షుకుందా?’’

‘‘ముద్ర కాగితం మీద ఉంది. పిన్ను తిరిగేది కాగితంలో కాదు కదా.’’

పదిమంది చూస్తుండగా ఆవిడ ఆ పిన్నుకు ఇంటూ కొట్టింది. మరిది దాన్ని జేబులో వేసుకుని, ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టి, మళ్లీ రాలేదు. రెండు వీధుల అవతల సైకిళ్ల షాపు పెట్టుకున్నాడు. ఆరేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురైతే ఆవిడ పూలదండల వంకా, అతను సీలింగు ఫ్యాను వంకా చూసేవాళ్లు. కిటికీ బోసిపోయిందని ఆవిడకు రోజూ అనిపించేది. అనిపించినా రెండు వీధులు దాటడానికి కాళ్లు రాలేదు.

ఈలోగా పెద్ద దేశం చిక్కిపోతూ వచ్చింది. ఏటా పంపే పన్నెండు పేజీల క్యాలెండరు ఒక్క అట్ట అయింది, ఆ పైన అదీ రాలేదు. ఉత్తరాల కాగితం పలచబడింది. ఊళ్లోని వాళ్ల గ్రంథాలయం మూతపడి చెప్పుల దుకాణం వెలిసింది. అక్కడ వాళ్లలో వాళ్లే కొట్టుకుంటున్నారని, చేసిన ఒప్పందాలను చెత్తబుట్టలో వేస్తున్నారని రేడియో చెప్పేది. ఆవిడ రేడియో కట్టేసేది. చివరికి ఈ ఏడాది పెట్టె వెళ్లిన దారినే తిరిగొచ్చింది. పైన చీటీ అంటించి ఉంది. ఆ చిరునామాలో అలాంటి కార్యాలయం లేదట.

పెట్టె వచ్చిన వారానికే రెండో దేశం ప్రతినిధి దిగాడు. ఇప్పుడు అందరి నోటా వినబడుతున్న దేశం అది. కుర్రవాడు, మర్యాదస్తుడు, మన భాష ఆరు నెలల్లో నేర్చుకున్నాడు. తొమ్మిది కొత్త పంపులు ఇస్తామన్నాడు. పిన్నులు కూడా అక్కడి నుంచే సీలు వేసి వస్తాయి, ఇక్కడెవరూ శ్రమపడనక్కర్లేదు. అంటే వర్క్‌షాపే అక్కర్లేదు. నగర కౌన్సిలు సంతకం వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం. మధ్యలో పది రోజులు.

‘‘మన పిన్నుల కొలత సరైనదని నిరూపించు, సంతకం ఆపిస్తాను’’ అన్నాడు సూపరింటెండెంటు. ఆయనకూ వర్క్‌షాపంటే ప్రాణం. ‘‘ముద్ర లేని ఉంగరం చూపించి నేనేం మాట్లాడను తల్లీ? పైగా పంపులేమో పెనాల్లా కాలుతున్నాయి.’’

ఆవిడ గదికి వచ్చి పెట్టె తెరిచింది. తను వేసిన ముడి వేసినట్టే ఉంది. ఉండదూ మరి, ఈసారి పెట్టెను ఎవరూ తెరవనే లేదు. ఆ మాట అనుకున్నాక ఆవిడ చేయి ఆగింది. డ్రాయరు లాగి దాచుకున్న ముళ్లు తీసింది. ఐదు. బల్ల మీద వరసగా పెట్టి, ఆరోది పక్కన పెట్టింది. కొసలు కత్తిరించిన తీరు కూడా ఒకటే. అలా పీచుపీచుగా కత్తిరించే మొండి కత్తెర ఆవిడదే.

ఐదుసార్లూ ఎవరూ విప్పలేదు. చూడకుండానే ముద్ర వేశారు.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. అంత నమ్మిన దేశం మోసం చేసిందన్న బాధ కన్నా, ఆ ముడిని గదిగదికీ తిప్పి చూపించానన్న సిగ్గు ఎక్కువైంది. కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, ఒక గుడ్డసంచీ తీసుకుని బయల్దేరింది.

రిటైరైన పనివాళ్ల ఇళ్లకు వెళ్లింది. తలుపుల కిందా, కిటికీల మీదా, ఊయల గొలుసుకు బరువుగా కట్టీ, ఎక్కడెక్కడో ఉన్న మొదటి పిన్నులన్నీ అడిగి తెచ్చుకుంది. అవే పంపులు, అలాంటి పెట్టెలే ఉన్న ఊళ్లు చుట్టుపక్కల మరో నాలుగున్నాయి. ఆ కొలతల గదుల వాళ్లకు ఫోన్ చేసింది. ముప్ఫై నాలుగేళ్లలో వాళ్లతో మాట్లాడటం అదే మొదలు. ఇన్నాళ్లూ ఎవరికే అనుమానం వచ్చినా పెద్ద దేశానికి ఉత్తరం రాసుకునేవాళ్లే గానీ, బస్సెక్కితే రెండు గంటల్లో వచ్చే పక్క ఊరిని అడగాలని ఎవరికీ తోచలేదు. నలుగురూ పిన్నులు మూటగట్టుకుని వచ్చారు. వాళ్ల పంపులూ వేడెక్కుతున్నాయి. వాళ్లూ నూనె మార్చారు.

మొత్తం యాభై మూడు పిన్నులు. కొసన ఉన్న ఏడాది ప్రకారం బల్ల మీద పేర్చారు. తుప్పు లేని చోటు చూసి ఒక్కొక్కటే డయల్ కింద పెట్టింది ఆవిడ. పిన్నుకూ పిన్నుకూ తేడా ఎంతో చెప్పే ముల్లు అది. పాత పిన్నులన్నిటికీ, ఏ ఊరివైనా, ముల్లు ఒకే గీత మీద నిలబడింది. పదేళ్లలోపు పిన్నులకు వచ్చేసరికి మెల్లగా కుడికి జరగడం మొదలుపెట్టింది. ఏటికేడూ ఇంకాస్త లావు. ఉంగరం అరిగి వెడల్పయ్యే కొద్దీ ఆవిడ లావు పిన్నులను ఒప్పుకుంటూ పోయింది, అవి బుష్షులను రాసుకుంటూ పోయాయి.

‘‘అయితే అసలు కొలత మన తలుపుల కిందే ఉందన్నమాట’’ అన్నాడు పక్క ఊరాయన.

ఆ పాత పిన్నులు సొట్టలు పడ్డాయి, పంపుకు పనికిరావు. ముల్లు చూసుకుంటూ ఒక కొత్తది చేయించవచ్చు, రెండు రోజుల పని. కానీ సరైన కొలతకు చేసిన పిన్ను ఒకటి ఈ ఊళ్లో ఆరేళ్లుగా ఉందని ఆవిడకు తెలుసు. దాన్ని కాదని ఇంకోటి చేయిస్తే గొడవ లేకుండా గడిచిపోతుంది. అలా గడపడానికి మనసొప్పలేదు. ఆవిడ గుడ్డసంచీ పట్టుకుని రెండు వీధులూ దాటింది.

మరిది చక్రం వంకర తీస్తున్నాడు. తలెత్తి చూశాడు, మళ్లీ చక్రం తిప్పాడు.

‘‘ఆ పిన్ను ఉందా?’’ అంది ఆవిడ.

‘‘ఏ పిన్ను?’’

‘‘నేను కాదన్నది.’’

అతను లేచి, స్టూలెక్కి, పై అర మూల నుంచి ఒక పొట్లం తీశాడు. నూనెకాగితంలో శుభ్రంగా చుట్టి ఉంది. కాగితం కొత్తది. ఏటా మారుస్తున్నాడని ఆవిడకు అర్థమైంది.

‘‘ఉంగరం అరిగింది’’ అంది. ‘‘నువ్వు చెప్పిన రోజే అరిగింది. ముద్ర చూశాను గానీ నీ చేతిని చూడలేదు. పదిమందిలో నిన్ను చిన్నబుచ్చాను. తప్పు నాదే.’’

అతను చక్రాన్ని గోడకు ఆనించాడు.

‘‘ఈ మాట చెప్పడానికి ఆరేళ్లా వదినా?’’ అన్నాడు. పొట్లం ఆవిడ సంచీలో పెట్టాడు. ‘‘పోనీలే. వెంట్రుకవాసి ఆలస్యం.’’

ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. అతను గబగబా షట్టరు దించి, సంచీ ఆవిడ చేతిలోంచి లాక్కుని, ముందు నడిచాడు.

డయల్ కింద పెడితే ముల్లు పాత గీత మీదికి వెళ్లి ఆగింది. సోమవారం పొద్దున ఆ పిన్ను నాలుగో పంపులో పడింది. కౌన్సిలు వాళ్లొచ్చి చుట్టూ నిలబడ్డారు. గంట గడిచింది. సూపరింటెండెంటు పంపు మీద చెయ్యి పెట్టి తీయలేదు. చల్లగా ఉంది. ప్రతినిధీ చెయ్యి పెట్టి చూసి, బాగుందని ఒప్పుకున్నాడు. అబద్ధమాడే రకం కాదు.

‘‘అయినా అసలు కొలత అంటూ ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కదండీ’’ అన్నాడు. ‘‘పెద్ద దేశం లేకపోతే మేమున్నాం. మా దగ్గర పెట్టండి, ఏటా మేమే చూసిస్తాం.’’

‘‘మీ ఉంగరం అరిగితే మీకెవరు చెబుతారు?’’ అంది ఆవిడ.

‘‘మాది అరగదండీ.’’

‘‘వాళ్లూ అలాగే అనుకున్నారు బాబూ. పాపం, చెప్పేవాళ్లు లేకపోయారు. మేమే చెప్పాల్సింది, ముద్ర చూసి నోరు మూసుకున్నాం.’’

కౌన్సిలు ఆ రోజు సంతకం పెట్టలేదు. ఐదు ఊళ్ల కొలతల గదుల వాళ్లు మాత్రం ఆ బల్ల చుట్టూ కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నారు. ప్రతి ఊరూ తన పిన్నును మిగతా నాలుగు ఊళ్లకూ పంపాలి. ఎవరిదీ అసలు కాదు, ఎవరిదీ నకలు కాదు. నలుగురు చూసి సరే అంటే సరి. ముద్రలు లేవు. ఒకటే షరతు: పొట్లం విప్పిన వాళ్లు తిరిగి తమ ముడి వేయాలి. వేసిన ముడే వెనక్కొస్తే ఫోన్ చేసి చెడామడా తిట్టే హక్కుంటుంది.

ఈ ఊరి తరఫున ఏ పిన్ను వెళ్లాలో ఎవరూ అడగలేదు. నాలుగో పంపుకు కొత్తది చేసి, మరిది పిన్ను తీసి తుడిచారు. ఆవిడ దాని కొసన ఆరేళ్ల కిందటి ఏడాది అంకె కొట్టింది. పక్కనే పాత ఇంటూ కనబడుతోంది.

‘‘ఆకురాయితో ఒక్కసారి గీస్తే అది పోతుంది వదినా’’ అన్నాడు మరిది. మళ్లీ ఏప్రాన్ కట్టుకున్నాడు. పొద్దున్న లేతు, సాయంత్రం సైకిళ్లు.

‘‘ఉండనీ’’ అంది ఆవిడ. నీలం మఖమలు మీంచి ఉంగరం తీసేసి అక్కడ ఆ పిన్ను పెట్టింది. పక్కన ఒక చీటీ రాసి పెట్టింది: ‘ఇంటూ కొట్టింది నేను. తప్పుగా కొట్టాను. కొలత సరైనదే.’

రెండు నెలలకు పెట్టె నాలుగు ఊళ్లూ తిరిగి వచ్చింది. పైన ముడి ఆవిడది కాదు. ఎవరో మొద్దు వేళ్లతో వేసిన ముడి, విప్పడానికి పావుగంట పట్టింది. చీటీలో ఆవిడ మాటల కిందే నాలుగు రకాల చేతిరాత ఉంది. చూశాం, సరిగ్గా ఉందని నలుగురూ రాశారు. చివరి ఊరాయన ఇంకో వాక్యం కలిపాడు: ‘మేం ఇంటూ కొట్టినవి రెండున్నాయి. చేసినవాళ్ల ఇళ్లకు రేపు వెళుతున్నాను.’