కాటా మేస్త్రికి నచ్చని స్టాండ్లు

నిలబెట్టి ఉన్న వస్తువు కంటబడితే దాన్ని తట్టి చూడకుండా ఉండలేకపోవడం మా కాటా మేస్త్రికి ఉన్న ఒకే ఒక్క జబ్బు. అది కుర్చీ కావచ్చు, నిచ్చెన కావచ్చు, బ్యాంకులో జనాన్ని వరసలో ఆపడానికి పెట్టిన ఇనప కడ్డీ కావచ్చు. చూపుడువేలి గోటితో టకటకటక అని మూడు తట్లు తడతాడు. తల ఓ పక్కకి వంచి, ఆ వణుకు ఆగేదాకా "ఒకటీ... రెండూ... మూడూ..." అని లెక్కపెడతాడు. ఆగాక తీర్పు. "నాలుగు సెకన్లు. పరవాలేదు." లేదంటే, "తొమ్మిది! దీన్ని నమ్ముకోకండి."

ఆయన బతుకంతా తక్కెళ్ళూ కాటాలూ బాగుచేసినవాడు. ముల్లు ఊగడం మాని నిలబడేదాకా కన్నార్పకుండా చూడటమే ఆ పనిలో సగం. అంకెలు వెలిగే మెషీన్లు వచ్చాక ముల్లుకీ పని పోయింది, మేస్త్రికీ పని పోయింది. అన్నిటినీ నిలకడగా నిలబెట్టిన ఆ మనిషికి మాత్రం నిలకడ అనేది లేదు. ఆయన కూర్చోగా నేను చూడలేదు. టీ తెప్పిస్తే గ్లాసు పట్టుకుని షాపంతా తిరుగుతూ తాగుతాడు. ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు మూడు అద్దాల బీరువాలూ, ఒక స్టూలూ, ఒకసారైతే బిల్లు కోసం నిలబడ్డ పెద్దమనిషి చేతికర్రా తట్టేశాడు. "ఏడు సెకన్లండీ. కింద రబ్బరు మార్పించుకోండి" అన్నాడు. ఆ పెద్దమనిషి బిల్లు వదిలేసి వెళ్ళిపోయాడు.

నేను పదిహేడేళ్ళుగా ఒక కెమెరా షాపులో ట్రైపాడ్లు చూపించే పని చేస్తున్నాను. ట్రైపాడ్ అని నేనంటాను, కొనేవాళ్ళందరూ స్టాండ్ అంటారు, చివరికి నేనూ స్టాండే అంటున్నాను. నేను చెప్పి ఇప్పించిన స్టాండ్ కదిలిందన్న మనిషి ఇంతవరకూ పుట్టలేదని నాకు కాస్త పొగరు. కాస్త ఏమిటి, చాలానే. ఆ పొగరుకి పట్టిన శని కాటా మేస్త్రి.

"ఏమయ్యా, పెద్ద లెన్స్‌కి స్టాండ్ కావాలి. పిట్టల ఫోటోలకి" అంటూ వచ్చాడు మొదటిరోజు.

"లెన్స్ తెచ్చారా బాబాయ్?"

"అది ఇల్లు కదలదు" అని, సంచిలోంచి తూకపు రాళ్ళు తీసి నా బల్ల మీద పేర్చాడు. "కెమెరాతో కలిపి మూడున్నర కిలోలు. బరువంతా ముందుకి తూగుతుంది. ఇదిగో, ఇలాగ." ఒక జానెడున్నర చెక్కకి ముందువైపు ఆ రాళ్ళు కట్టి, నేను చూపించిన స్టాండ్ మీద బిగించి, పైన నీళ్ళు పోసిన ఇత్తడి గిన్నె పెట్టాడు. టకటకటక. గిన్నెలో నీళ్ళు వణికాయి. "పదమూడు" అన్నాడు, ఎవరో పోయారన్న వార్త చెప్పినట్టు.

"అంత తొందరేముంది బాబాయ్, నిదానంగా చూద్దాం."

"నిదానమా? నది గట్టున లకుముకి పిట్ట గూడు పెట్టింది. ఇంకో ఇరవై రోజుల్లో పిల్లలు ఎగిరిపోతాయి. తల్లి చేపని పట్టుకొచ్చి గూటి ముందు కొమ్మ మీద కూర్చునేది నాలుగు సెకన్లు. నలభైసార్లు లెక్కపెట్టాను. ఆ నాలుగు సెకన్లలో ఫోటో పడాలి."

"ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు."

"వచ్చే ఏడు లేదయ్యా. ఈసారి కూడా ఫోటో చెదిరితే లెన్స్ అమ్మేయడమే. ఇంట్లో మాట అయిపోయింది."

అలా మొదలైంది. ఒక స్టాండ్ తీసుకెళ్ళేవాడు, మర్నాడు పొద్దున్న నేను షట్టర్ ఎత్తేసరికి అదే స్టాండ్ భుజాన వేసుకుని అటూ ఇటూ పచార్లు చేస్తూ ఉండేవాడు. కాళ్ళు నాలుగు మడతల్లో బయటికొచ్చే రకం ఇస్తే, "ఆఖరి మడత పెన్సిల్ అంత ఉంది. ఏనుగుని పెన్సిళ్ళ మీద నిలబెడతావా?" అన్నాడు. ఎత్తు కోసం మధ్యలో గొట్టం పైకి లేచే రకం ఇస్తే, "మూడు కాళ్ళ మీద ఒంటికాలు నిలబెట్టి, దాని మీద కెమెరా పెట్టమంటావు. మరి ఆ మూడూ ఎందుకు, అలంకారానికా?" అన్నాడు. గాలికి కదలకుండా కింద బరువు సంచి వేలాడదీయమని నేనే సలహా ఇచ్చాను. "సంచి గాలికి ఊగింది. దాంతోపాటు స్టాండూ ఊగింది. నీ సలహా పంతొమ్మిది సెకన్లు" అన్నాడు. ఆయన ప్రతి మాటా నిజమే. అదే నా ఒళ్ళు మండటానికి కారణం.

ఓ ఆదివారం స్టాండ్ గురించి అడగడానికి మా ఇంటికే వచ్చేశాడు. కూర్చోమంటే కూర్చోడు. మా అత్తగారు కూర్చుని ఉన్న కుర్చీ వీపు తట్టాడు.

"పదకొండు. అమ్మా, లేవండి."

"ఎవరీయన? నన్నెందుకు లేవమంటున్నాడు?" అంది మా అత్తగారు.

"మీరు కాదమ్మా, కుర్చీ. మీరు బాగానే ఉన్నారు."

నా భార్య వంటింట్లోంచి వచ్చి నా వైపు ఒక చూపు చూసింది. మేస్త్రి తల వంచి పెదాలు కదుపుతూ లెక్కపెట్టి, నా చెవిలో "ముప్ఫై దాటినా తగ్గట్లేదయ్యా, నేను వెళ్తాను" అని చల్లగా జారుకున్నాడు. మూడోరోజు ఆ కుర్చీ కాలు విరిగింది. అదృష్టం బాగుండి అందులో అప్పుడు నేనే ఉన్నాను. అప్పటి నుంచి మా అత్తగారు ఎక్కడ కూర్చోబోయినా ముందు "ఆ మేస్త్రి దీన్ని తట్టాడా?" అని అడుగుతుంది.

ఆరో స్టాండ్ వెనక్కి వచ్చినరోజు నా ఓపిక చచ్చిపోయింది. "బాబాయ్, అసలు ఇంత గొడవెందుకు? రిమోట్ ఉంది. తీగ పట్టుకుని దూరంగా నిలబడి నొక్కుకోండి. కెమెరాకి చెయ్యే తగలదు. చెయ్యి తగలకపోతే వణుకెక్కడిది, మీ తట్లెక్కడివి?"

నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే ఆగిపోయాడు. ఆయన ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"రిమోట్ కుదరదు" అన్నాడు, మెల్లగా. "చెయ్యి తగలాలి. తగిలినా కదలకూడదు. అట్లాంటిది చూడు."

చెయ్యి తగలాలట, కదలకూడదట! ఆయన ఏడో స్టాండ్ భుజాన వేసుకుని వెళ్ళాక మా షాపు యజమాని పిలిచాడు. "ఆయనకి ఇంకో స్టాండ్ ఇచ్చావంటే ఆయనతోపాటు నువ్వూ బయట పచార్లు చేస్తావు" అన్నాడు. పిల్లలు ఎగిరిపోవడానికి అప్పటికి రెండు రోజులే ఉంది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. పిట్ట మీద జాలితో కాదు. స్టాండ్లలో లోపం లేదు, లోపం ఆ మనిషి చేతిలోనే ఉందని ఆయన మొహం మీద చెప్పాలని. మర్నాడు సెలవు రోజున షాపులో ఉన్నవాటిలోకెల్లా మొండిదాన్ని, రోకలి లావు కాళ్ళది, మధ్యలో గొట్టం లేనిది, యజమానికి చెప్పకుండా భుజాన వేసుకుని తెల్లారేసరికి నది గట్టుకి బయల్దేరాను. దారిపొడుగునా అనబోయే మాటలు సాధన చేసుకుంటూ వెళ్ళాను.

గట్టు మీద ఆకుపచ్చ గుడ్డ తెర కట్టి ఉంది. తెర వెనక కెమెరా దగ్గర మేస్త్రి లేడు. ఒక పెద్దావిడ పొట్టి స్టూలు మీద కూర్చుని, తన ఒంట్లో సగం ఉన్న లెన్స్ వెనక కన్ను పెట్టి చూస్తోంది. మేస్త్రి ఆవిడ వెనక, కాళ్ళ కింద నిప్పులున్నట్టు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. నన్ను చూసి ఆయన మొహం తెల్లబోయింది.

"మా అక్క" అన్నాడు గొణుగుతూ. "ఫోటోలు తీసేది తనే. నేను మోసేవాణ్ణి."

ఆవిడే నర్సమ్మగారు. ఆవిడ గురించి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో సూదులు వేసిన చెయ్యి. ఆవిడ సూది వేసేసి దూది అదుముతుంటే జనం "ఇంకా వెయ్యరేంటమ్మా?" అని అడిగేవాళ్ళు. సూది వేసినా, పిట్టని ఫోటోలో పట్టినా ఆవిడ చేతికి తిరుగులేదని చెప్పుకునేవాళ్ళు.

ఇంతలో ఎదుటి కొమ్మ మీద నీలంగా మెరిసింది. లకుముకి, నోట్లో చేప. ఆవిడ వేలు బటన్ మీదికి వెళ్ళింది. వెళ్ళి, నొక్కేలోపు, కెమెరా ఒంటి మీద టకటకటక అంది. మూడు తట్లు. అదే వేగం, అదే బరువు. ఫోటో పడింది, పిట్ట గూట్లోకి దూరింది. కెమెరా వెనకున్న చిన్న తెర మీద చూస్తే నీలం రంగు పొగ తప్ప పిట్ట లేదు.

"స్టాండేనక్కా! దరిద్రపు స్టాండ్! ఇవాళే తిరిగిచ్చేస్తాను" అన్నాడు మేస్త్రి వెంటనే, గట్టిగా.

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ ఆయన మా స్టాండ్లని తట్టింది తన చేత్తో కాదు, అక్క చేత్తో. ఆ వణుకుని కొలిచి, గోటికి నేర్పించుకుని, ఆ దెబ్బకి నిలబడే స్టాండ్ కోసం ఊళ్ళో ఉన్నవాటన్నిటినీ, అలవాటుపడి అలవాటుపడి చివరికి మా అత్తగారి కుర్చీని కూడా, తట్టుకుంటూ తిరిగాడు. అది దొరికేదాకా తప్పంతా స్టాండ్ల మీద వేసి, ఆ చేతి మీద ఒక్క మాట పడనివ్వలేదు. రిమోట్ ఇస్తే లోపం చేతిదని చెప్పినట్టే కదా. నాకు సిగ్గేసింది. దారంతా సాధన చేసుకున్న మాటలు తల్చుకుంటే ఇంకా సిగ్గేసింది.

నర్సమ్మగారు నా వైపు తిరిగింది. "నువ్వేనా స్టాండ్లాయనవి? నువ్వు చెప్పు బాబూ. లోపం స్టాండ్‌దా, నా చేతిదా?"

మేస్త్రి ఆవిడ వెనక నిలబడి నాకు రెండు చేతులూ జోడించాడు. పదిహేడేళ్ళ పొగరుని మింగేశాను.

"స్టాండ్‌దేనమ్మా" అన్నాను. "మా షాపులో ఆ రకం అన్నీ అంతే. జనానికి అంటగడుతున్నాం. అందుకే మంచిది నేనే తెచ్చాను."

మొండి స్టాండ్ కాళ్ళు బాగా ఎడంగా చాపి, నేలబారుగా పెట్టి, పాదాలు మట్టిలోకి దిగేలా తొక్కాను. లెన్స్‌ని దాని నడుం చుట్టూ ఉన్న కాలరు పట్టుకుని బరువు సరిసమంగా ఉండేచోట బిగించాను. బరువు సంచి వేలాడకుండా నేలకి ఆనేలా కట్టాను. మేస్త్రి వచ్చి తట్టాడు. "ఒకటీ... రెం..." అని ఆపేశాడు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఒకటిన్నరయ్యా!" అన్నాడు. అయినా నాకు ధైర్యం చాలలేదు. "కెమెరాలో గడియారం తప్పుందమ్మా, సరిచేస్తాను" అని కెమెరా తీసుకుని, బటన్ నొక్కిన రెండు సెకన్లకి ఫోటో పడేలా మార్చి ఇచ్చాను. పిట్ట కూర్చునేది నాలుగు. ఆవిడ నొక్కడం ఇంకో రెండు సెకన్లు ఆలస్యమైతే అంతా గోవిందా.

గంటన్నర పిట్ట రాలేదు. మేస్త్రి తెర వెనక ఎన్ని మైళ్ళు నడిచాడో లెక్కలేదు. నేనూ ఆయన వెనకే నడిచాను. వచ్చింది. ఆవిడ వేలు టకటకమంది, నొక్కింది, వెనక్కి తీసేసింది. మేస్త్రి పెదాలు కదులుతున్నాయి. ఒకటి. రెండు. క్లిక్. పిట్ట ఎగిరిపోయింది.

కెమెరా తెర మీద చూస్తే చేప పొలుసులు ఎన్నో చెప్పొచ్చు. మేస్త్రి అరిచిన అరుపుకి నది అవతల గట్టున కొంగలన్నీ లేచిపోయాయి. "చెప్పానా అక్కా? స్టాండ్! అంతా స్టాండ్‌లోనే ఉంది!" అని పాత స్టాండ్ ఎత్తుకుని నీళ్ళదాకా పరిగెత్తి, అది షాపుదని గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. మళ్ళీ సామాను వెయ్యడానికి ఆటో పిలుస్తానని రోడ్డు వైపు పరిగెత్తాడు.

ఆయన కనుమరుగయ్యాక నర్సమ్మగారు కెమెరా ఒళ్ళో పెట్టుకుని, "ఆ రెండు సెకన్లు నువ్వే పెట్టావు కదూ?" అంది.

నేను బరువు సంచి ముడి విప్పుతున్నట్టు నటించాను.

"నలభై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను. గడియారం ఎక్కడుందో నాకు తెలీదా? నాకై నేను పెట్టుకోవడం నామోషీ అనిపించింది. ఇంకొకరు పెడితే పరవాలేదు. లెన్స్ ఇంక అమ్మనులే."

"అంటే చెయ్యి సంగతి మీకు..."

"నా చెయ్యి నాకు తెలీదా బాబూ? పని పోయినప్పటి నుంచి వాడు ఇంట్లో ఒక్క చోట నిలబడట్లేదు. పొద్దున్న లేస్తే నా మంచం తడతాడు, నా మందుల బల్ల తడతాడు, అన్నం తినే పళ్ళెం తడతాడు. ఏదో ఒక పని మీద బయటికి తోలకపోతే వాడికి పిచ్చి పడుతుంది, నాకు అంతకంటే ముందే పడుతుంది. స్టాండ్ బాగాలేదని నేనంటే, బతికాన్రా దేవుడా అని బయల్దేరతాడు." ఆవిడ కళ్ళు చెమర్చాయి గానీ నవ్వుతూనే ఉంది. "వాడితో అనకు. ఫోటో బాగా వచ్చిందని మురిసిపోయి రేపు ఇంట్లో కూర్చుంటే నా గతేం కాను?"

మర్నాడు షట్టర్ ఎత్తేసరికి కాటా మేస్త్రి మెట్ల మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. భుజాన రోకలి కాళ్ళ స్టాండ్. మొహం నిండా దిగులు తెచ్చుకున్నాడు గానీ కాళ్ళలో హుషారు దాగట్లేదు.

"అక్కకి ఇది కూడా నచ్చలేదయ్యా. ఎక్కడో వదులుందిట. నేను రాత్రి నుంచి తడుతూనే ఉన్నాను, నాకు దొరకట్లేదు. స్టాండ్లు తెలిసినవాడివి, నిజం చెప్పు. ఉందా?"

లోపల గల్లా దగ్గర నుంచి మా యజమాని నన్నే గుచ్చి గుచ్చి చూస్తున్నాడు.

"ఉంది బాబాయ్" అన్నాను. "ఎడమ కాలు. రండి, లోపల ఇంకో రకం ఉంది, చూద్దాం."