ఉధ్నా గ్రహం మీద ముగ్గురు వీరులు

పందొమ్మిదేళ్ల వయసులో మనిషికి తన మీద తనకుండే నమ్మకం మళ్లీ ఎప్పటికీ రాదనుకుంటాను. ఆ రోజుల్లో నాకు సూరత్ రింగ్ రోడ్‌లో ఓ చీరల దుకాణంలో మడతలు పెట్టే పని ఉండేది, జేబులో రెండు చేతులు మారి వచ్చిన ఫోను ఉండేది, తలలో ఒక గ్రహం ఉండేది. ఉధ్నాలో మేం అద్దెకున్న గదికి కిటికీ లేదు గానీ నా గ్రహానికి మూడు చందమామలు. దాని మీద వెయ్యేళ్లు బతికే ఒక రహస్య వీరుల దళం. ఎప్పుడో వాళ్లలోనే ఒకడు కోట తలుపు తీసి శత్రువును లోపలికి రానిచ్చాడు. వాడెవడో తేలలేదు. అప్పటినుంచి అన్నదమ్ముల్లా బతికిన ఆ వీరులు ఒకరికొకరు ముఖం చూపించుకోరు, ఇనుప టోపీ తలమీంచి తీయరు, ఒకరు వండింది ఇంకొకరు ముట్టరు. (కథ విని మా అమ్మ అన్నది ఒకటే మాట: "టోపీ తియ్యకుంటె బువ్వెట్ల తింటరు బిడ్డా?" ఆ సంగతి నేను ఆలోచించలేదు.)

ఈ కథను ఫోనుతో సినిమా తీయాలని నా పట్టుదల. వీరులు ఏడుగురు ఉండాలి. దొరికింది ముగ్గురం. మిగతా నలుగురూ ఆ ద్రోహం వల్లే చనిపోయారని నోటుబుక్కులో రాసి లెక్క సరిచేశాను. మొదటి వీరుణ్ని నేను. రెండోవాడు మా పెద్దనాయన కొడుకు, నిద్రలో కూడా మాట్లాడతాడు కాబట్టి వాణ్ని జనరేటర్ అనేవాళ్లం. మూడోవాడు మా పక్కగది వాడు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు గోడను చూసేవాడు, తర్వాత నేలను చూసేవాడు, ఆ తర్వాత పెదవి కదిపేవాడు. వాడి పేరు సైలెన్సర్. సిరిసిల్ల నుంచి మా నాయన, వాడి నాయన ఒకే రైల్లో వచ్చి ఒకే కార్ఖానాలో మగ్గాలు నడిపేవారు. వాడి నాయన పాత మనిషి అని యజమాని శేఠ్ కార్ఖానా తాళం ఆయన దగ్గరే ఉంచేవాడు. నేను ఆయన్ను కాక అని పిలిచేవాణ్ని.

మగ్గాలు ఆగే సెలవు రోజున ఆ కార్ఖానా అచ్చం పాడుబడ్డ కోటలా ఉంటుంది. వరసగా నల్లటి ఇనుము, పైన దూది పట్టిన ట్యూబులైట్లు, మనిషి అలికిడి లేదు. నా గ్రహానికి అంతకన్నా మంచి చోటు లేదు.

"కాకను తాళమడుగుర, ఒక్క పూట" అన్నాను సైలెన్సర్‌తో.

వాడు గోడను చూశాడు, నేలను చూశాడు. "నాయిన ఇయ్యడు."

"అడగకుంటనే తే. మొలతాడుకే ఉంటదిగద. పన్నప్పుడు తెచ్చి లేవకముందే పెట్టు."

"వద్దుర. నాయినను నమ్మి ఇచ్చిండు శేఠ్."

మూడు రోజులు బతిమాలాను. నాలుగో రోజు, ఇది చేయకపోతే మన దోస్తానాకు అర్థమేంది అన్నాను. (అన్నదమ్ముల దళం గురించి నలభై పేజీలు రాసినవాణ్ని, అంత తేలిగ్గా వదులుతానా.) వాడు తాళం తెచ్చాడు.

స్కూటర్ హెల్మెట్లు మూడింటికి వెండిరంగు పూశాం. జనరేటర్ హెల్మెట్‌కు వెనక అతికించిన నిమ్మకాయ, మిరపకాయల బొమ్మ ఎంత గీకినా రాలేదు, గ్రహాంతర వీరుడికి దిష్టి తగలకూడదని సర్దుకున్నాం. మా దుకాణంలో పనికిరాదని పక్కనపెట్టిన నల్ల లైనింగు గుడ్డ భుజాలకు కట్టుకున్నాం. విరిగిన మగ్గం కర్రలు కత్తులు. సూరత్ ఎండాకాలం మధ్యాహ్నం, రేకుల కప్పు కింద, హెల్మెట్ అద్దం దించుకుని, పాలిస్టర్ కప్పుకుని నిలబడితే ఆ వీరులు వెయ్యేళ్లు ఎలా బతికారో నాకే అర్థం కాలేదు. జనరేటర్ తన డైలాగు చెప్పేవాడు, లోపలినుంచి కుక్కరు విజిలుకు ముందు వచ్చే శబ్దం మాత్రం వినిపించేది. ద్రోహి ఎవరో మాకూ తెలియదు. ఆఖరి పేజీ నేనింకా రాయలేదు. అందుకని ముగ్గురం ఒకరినొకరు అనుమానంగా చూసుకోవాలి. అద్దాలకు ఆవిరి పట్టి ఎవరు ఎవర్ని చూస్తున్నారో తెలిసేది కాదు.

పొగ కావాలన్నది నేనే. అమ్మ సాంబ్రాణి వేసే మట్టిపాత్రలో నిప్పులు పోసి తెచ్చి, మగ్గాల మధ్య పెట్టి, పిడికెడు సాంబ్రాణి వేశాను. గ్రహం అద్భుతంగా తయారైంది. ఆ పొగలోంచి జనరేటర్ కత్తి ఎత్తి పరుగెత్తుకొచ్చాడు, కాలికి లైనింగు గుడ్డ చుట్టుకుంది, పాత్రను తన్నాడు. నిప్పులు వెళ్లి మగ్గానికెక్కించిన పడుగు దారాల మీద పడ్డాయి. పత్తి నూలైతే భగ్గున మండేది. ఇది పాలిస్టర్. దారాలు ముడుచుకుని, కరిగి, నల్లటి ముద్దలుగా జారిపోతున్నాయి. నేను హెల్మెట్ తీయడానికి తంటాలు పడుతున్నాను. సైలెన్సర్ ఒక్కడే ముందుకురికి, ఒట్టి అరచేత్తో కొట్టి ఆర్పాడు. కరిగిన దారం వాడి చేతికి అంటుకుంది. అప్పుడు కూడా వాడు అరవలేదు.

రేకుల సందుల్లోంచి పోయిన పొగ చూసి పక్క కార్ఖానా కాపలావాడు ఫోను చేశాడు. శేఠ్ వచ్చేసరికి ముగ్గురం వరసగా నిలబడి ఉన్నాం. ఆయన ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. "పెహలే టోపీ ఉతారో" అన్నాడు. నాదీ సైలెన్సర్‌దీ వచ్చాయి. జనరేటర్‌ది ఇరుక్కుంది. కాపలావాడు, శేఠ్ డ్రైవరు చెరో పక్క పట్టి లాగారు. మరో రోజైతే నవ్వి చచ్చేవాళ్లం. శేఠ్ కాలిన పడుగును చూశాడు, తాళాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"దర్వాజా కిస్‌నే ఖోలా? తేరే బాప్‌నే?"

తలుపు తీసిందెవడు, నీ నాయనా అని అడుగుతున్నాడు. మా నాయన ఉద్యోగం, కిటికీ లేని గది, అమ్మ ముఖం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. జనరేటర్ జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని ఉన్నాడు. సైలెన్సర్ గోడను చూస్తున్నాడు.

"నహీఁ శేఠ్. ఇస్‌నే" అన్నాను. (వీడేనని వేలు కూడా చూపించాను. మాట ఒక్కటి చాలేది.)

తాళం తెమ్మని మూడు రోజులు వెంటపడింది నేనేనని చెప్పలేదు. సాంబ్రాణి సంగతీ చెప్పలేదు. ఆ సాయంత్రమే కాకను పనిలోంచి తీసేశారు. మర్నాడు ఆయన మా గదికి వచ్చి, గడపలో కూర్చుని, అమ్మ ఇచ్చిన చాయ తాగి, "పోరగాండ్లు అన్నంక ఆడుకుంటరు వదినా, తిట్టకు" అని వెళ్లిపోయాడు. నన్ను చూసి తల ఊపాడు కూడా. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. వారం తిరగకుండా వాళ్లు మూటాముల్లె సర్దుకుని సిరిసిల్ల బయల్దేరారు. స్టేషనుకు వెళ్లాను. చేతికి గుడ్డ కట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్న సైలెన్సర్ చాలాసేపు పట్టాలను చూశాడు.

"ఆఖరుకు ద్రోహి ఎవడని రాసినవ్?" అన్నాడు.

"ఇంక అనుకోలే" అన్నాను. రైలు కదిలింది. నేను మళ్లీ కథ రాయలేదు.

ఇది జరిగి పన్నెండేళ్లు దాటింది. మొన్న వాడు రింగ్ రోడ్‌లో సరుకు కొనడానికి వచ్చి నన్ను కలిశాడు. ఊళ్లో చీరల దుకాణం పెట్టాడట. ఇప్పుడు కాస్త మాట్లాడుతున్నాడు, చీరలమ్మేవాడికి తప్పదు కదా. కాక పోయి రెండేళ్లయిందని చెప్పాడు. మళ్లీ మగ్గం పని దొరకలేదా అని అడిగితే, "దొరికింది గని, తాళం మాత్రం ఎవ్వలియ్యలే" అన్నాడు. చాయ గ్లాసు నా చేతిలో చల్లారిపోయింది. పన్నెండేళ్లుగా దాచుకున్నదంతా చెప్పి, తప్పు నాదేరా అన్నాను.

వాడు గోడను చూశాడు. నేలను చూశాడు.

"నేను గూడ నీ పేరే చెప్దామని నోరు తెరుస్తున్నర అప్పుడు" అన్నాడు. "నువ్వు జర జల్ది చెప్పినవ్."

ఇద్దరం నవ్వాం. పక్కన చీరల మూటలు మోసేవాళ్లు ఆగి చూసేంత నవ్వాం. వాడు చెప్పింది నిజమో, నా బరువు దించడానికి అప్పటికప్పుడు అల్లాడో నాకు తెలియదు. అంత చక్కగా అబద్ధమాడడం వాడికి ఎప్పుడొచ్చిందోనని ఇప్పుడు నేనుంటున్న అమ్రోలికి పోయే బస్సులో కూర్చుని ఆలోచించాను. వంతెన మీద తాపీ నది గాలి తగిలింది. ద్రోహం చేసేవాడు ఏళ్ల తరబడి కుట్ర పన్నుతాడని నలభై పేజీలు రాసిన ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. అది చెమట తుడుచుకునేంత సేపట్లో అయిపోతుందని పాపం వాడికి తెలియదు. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. చిన్న నవ్వొకటి వచ్చింది, దాని వెనకే కళ్లు మసకబారాయి, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.